ముందు ఇరవై నాలుగు, వెనక పదహారు

కొలతక్క కంటికి టేపు అక్కర్లేదు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, ఛాతీ ఎంత, నడుం ఎంత, ఏ భుజం ఎంత వాలి ఉంది, అన్నీ చెప్పేసేది. ఆమె పనిచేసే కుట్టుహాల్లో మొదట్లో ఇదొక వినోదం. కొత్తగా ఎవరు చేరినా మిగతా ఆడవాళ్లు టేపు పట్టుకుని సిద్ధంగా ఉండేవారు, ఈసారైనా తప్పు చెబుతుందేమోనని. అరంగుళం కంటే ఎక్కువ తేడా ఎప్పుడూ రాలేదు. అలా ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రం మిగిలింది.

ఇరవై రెండేళ్లుగా ఆమె కుట్టినవి జాకెట్లు. పక్కవాటాలో కొత్తగా దిగినావిడ "ఏం కుడతారండీ?" అని అడిగితే అదే మాట చెప్పింది. ఆవిడ మర్నాడు పొద్దున్నే రెండు గుడ్డముక్కలూ, ఒక ఆది జాకెట్టూ తెచ్చి ఒళ్లో పెట్టింది. "నేను కుట్టేవి అవి కాదమ్మా, తుపాకి గుళ్లు ఆపేవి" అనగానే ఆవిడ గుడ్డముక్కల్ని చటుక్కున వెనక్కి లాక్కుంది, వాటికేదో అంటుకుంటుందన్నట్టు. తమ్ముడికి ఈ సంగతి చెబితే ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

ఆ జాకెట్ల గుడ్డ పచ్చగా, మొరటుగా ఉంటుంది. మామూలు కత్తెరకి లొంగదు, పళ్లున్న కత్తెర కావాలి. సూదులు పుటుక్కుపుటుక్కున విరుగుతాయి. ఒకే ఆకారంలో కోసిన ఇరవై నాలుగు పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు కుట్టి, తడి తగలకుండా నల్లసంచిలో పెట్టి మూసేస్తే అది ముందు పలక. అలాంటిదే ఇంకొకటి వెనక పలక. రెంటినీ పైతొడుగులో దూర్చి, లోపలివైపు ఒక లేబుల్ కుట్టాలి. ముందు ఎన్ని పొరలు, వెనక ఎన్ని పొరలు అని ఆ లేబుల్ మీద ఉంటుంది. లేబుల్ లేని జాకెట్ హాలు గుమ్మం దాటదు. లేబుల్ మీద అబద్ధం రాసిన మనిషి మర్నాడు ఆ గుమ్మం ఎక్కదు. కొలతక్క చేరిన రోజున నేర్చుకున్న మొదటి పాఠం అది.

అవి మామూలు జనం వేసుకునేవి కావు. కొనకూడదు, కుట్టుకోకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. పోలీసులకీ, సైనికులకీ, బ్యాంకు డబ్బు మోసే బండి కాపలాదారులకీ, ప్రాణభయం ఉందని ప్రభుత్వం ముద్రవేసి మరీ ఒప్పుకున్న పెద్దమనుషులకీ తప్ప ఇంకెవరి ఒంటి మీద కనబడినా రెండేళ్ల దాకా జైలు. చట్టం ఊరికే పుట్టలేదు లెండి. ఎప్పుడో ఒక దొంగ ఇలాంటి జాకెట్ తొడుక్కుని బ్యాంకులో దూరాడు. పోలీసులు ఎన్ని గుళ్లు కాల్చినా పడకుండా నలుగుర్ని పొట్టన పెట్టుకున్నాడు. ఆ నలుగురిలో ఒకడు ఈ హాలు సూపర్‌వైజరు బావమరిది. అందుకని ఆ చట్టాన్ని అక్కడ ఎవరూ ఎగతాళి చెయ్యరు. కొలతక్కా చేసేది కాదు. పోలీసు కుక్కలకి కూడా ఆమె జాకెట్లు కుట్టింది. కుక్క ఛాతీ కొలత తియ్యడానికి ఎంత బతిమాలుకోవాలో చెప్పి నవ్వించేది. తనకో జాకెట్ కావాలన్న ఊహ ఆ ఇరవై రెండేళ్లలో ఆమెకి రాలేదు. ఎందుకొస్తుంది?

తమ్ముడు ఆమెకంటే తొమ్మిదేళ్లు చిన్న. అమ్మానాన్నా ఏడాది తేడాలో పోతే వాణ్ణి పెంచింది తనే. పెళ్లి మాట ఎవరెత్తినా, వీడు స్థిరపడనీ అనేది; వీడు స్థిరపడేసరికి ఆ మాట ఎత్తేవాళ్లు లేకుండా పోయారు. ఇద్దరికీ రెండు గదుల ఇల్లు, ఒక వంటగట్టు, ఒకే తాళం. వాడు తాళంచెవులు చేసేవాడు. నాలుగు రోడ్ల కూడలిలో పేవ్‌మెంటు మీద ఒక గొడుగు, దాని కింద చెవులు కోసే చిన్న మిషను, మేకులకి గుత్తులుగా వేలాడే, ఇంకా పళ్లు కొయ్యని చెవులు. మనిషి మరీ తిన్నని వాడు. బస్సులో ఎవరో మరిచిపోయిన గొడుగు పట్టుకుని డిపో దాకా నడిచిపోయే రకం. అంత తిన్ననివాడు ఇంట్లో ఉంటే ఇంటివాళ్లకే కష్టమని కొలతక్క తిట్టేది. తిడుతూనే మురిసిపోయేది.

ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషొకడు వాడి దగ్గరికి వచ్చాడు. చేతిలో తాళంచెవి. "మా పెదనాన్నగారింటిది. ఆయన ఎక్కడో పడేసుకుంటూ ఉంటారు, ఇంకోటి చేసిపెట్టు" అన్నాడు. తమ్ముడు చేసిచ్చాడు. నాలుగు రోజుల తర్వాత, స్థలం అమ్మనని పట్టుబట్టిన ఒక ముసలి కాంట్రాక్టరుని ఆయన మంచం మీదే ఎవరో కాల్చి చంపారు. తలుపు విరగలేదు, గడియ ఊడలేదు. పేపర్లో కుటుంబం ఫొటో వేశారు. అందులో వెనక వరసలో ఇస్త్రీ చొక్కా మనిషి. చచ్చిపోయినాయన తమ్ముడి కొడుకు.

తమ్ముడు ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా పోలీసుస్టేషనుకి వెళ్లాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. చెప్పవలసింది చెప్పి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక అక్కతో చెప్పాడు.

కొలతక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నీకేమైనా పిచ్చా? నీ పని తాళంచెవి చెయ్యడం. చేశావు. వాడు దాంతో ఏం చేశాడో వాడి ఖర్మ."

"నేను చేసిన చెవితోనే లోపలికెళ్లాడక్కా."

"నువ్వు చెయ్యకపోతే ఇంకోడు చేసేవాడు."

"చేసేవాడే. కానీ చేసింది నేను కదా."

ఆమె గరిటె గిన్నెలో పడేసింది. ఇంకేం చెప్పినా వింటాడా! వాడి పట్టు ఉడుంపట్టు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా మాట వెనక్కి తీసుకోనన్నాడు. సాక్షుల జాబితాలో వాడి పేరు ఎక్కింది. హత్యకి ముందు తాళంచెవి చేయించింది ఫలానా మనిషేనని చెప్పగలిగినవాడు లోకంలో వీడొక్కడే.

జాబితా కోర్టుకి చేరిన రెండు వారాలకి ఒకరోజు పొద్దున తలుపు కింద నుంచి ఒక కవరు లోపలికి జారింది. అందులో చీటీ లేదు, అక్షరం లేదు. ఒక తాళంచెవి ఉంది. తమ్ముడు దాన్ని వెలుగులో పెట్టి పళ్లు చూశాడు. లేచి వెళ్లి తమ తలుపు తాళంలో పెట్టి తిప్పాడు. మెత్తగా తిరిగింది.

"మంచి పనోడే చేశాడక్కా" అన్నాడు నవ్వబోతూ. కొలతక్క ఆ చెవిని తాళంలోంచి లాగేసి మళ్లీ కవరులో పడేసింది.

స్టేషనులో ఎస్సై కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. చెడ్డవాడేం కాదు. "తాళంచెవిని బెదిరింపు కింద ఎలా రాసుకోమంటారమ్మా? కత్తి కాదు, ఉత్తరం కాదు. ముందు తాళం మార్పించుకోండి" అన్నాడు. ఏదైనా జరిగితే ఫోను చెయ్యమని ఒక నంబరు కాగితం మీద రాసిచ్చాడు. తాళం మార్చేవాడి ఇంటికే తాళం మార్చుకోమని సలహా! తమ్ముడు ఆ సాయంత్రమే మార్చాడు. అయినా ఆ తర్వాత ఆ ఇంట్లో కుదురుగా నిద్రపోయిన మనిషి లేదు.

అప్పుడు పుట్టింది కొలతక్కకి, తమ్ముడికో జాకెట్ తొడగాలన్న ఊహ. దొంగదారి ముందే పట్టలేదు. చట్టం చెప్పిన దారిలోనే మొదలుపెట్టింది. అనుమతుల ఆఫీసుకి నాలుగుసార్లు, సగం జీతం పోయే సెలవులు పెట్టి, చెప్పులరిగేలా తిరిగింది. మూడో అంతస్తు, పొడుగాటి వసారా, చివర ఒక కిటికీ, ఆ వెనక ఒక గుమాస్తా. దరఖాస్తులో పద్నాలుగు గడులు. పదకొండో గడి దగ్గర అతను పెన్సిలుతో ఆపాడు.

"ఇది ఖాళీగా వదిలేశారు. గతంలో దాడి జరిగిందా? జరిగితే డాక్టరు సర్టిఫికెట్ జతపరచాలి."

"దాడి జరగలేదు బాబూ. జరుగుతుందనే కదా ఈ దరఖాస్తు."

"అది నాకు అర్థమైందమ్మా. గడికి అర్థం కావాలి కదా." అతను గొంతు తగ్గించాడు. "ఒక్కసారి ఏదైనా జరిగిందనుకోండి, చిన్నదైనా సరే, వెంటనే రండి. వారంలో అయిపోతుంది. నేనే చూసుకుంటాను."

"జరిగాక ఇక్కడికొచ్చేది వాడా, వాడి ఫొటోనా?"

గుమాస్తా పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. "పోలీసు కుక్కకి జాకెట్ కుట్టాను బాబూ, ఈ చేతుల్తోనే. దాన్ని ఏ గడి నింపమన్నారు?" అని అడిగేసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా నవ్వలేదు, దరఖాస్తు తీసుకుని ముద్ర కొట్టాడు. ఇరవై రోజులకి జవాబు వచ్చింది: ముప్పు నిరూపణ కానందున దరఖాస్తు తిరస్కరించడమైనది. కింద సంతకం, ఎవరిదో, చదవడానికి వీల్లేకుండా.

ఆ కాగితం ఆమె తమ్ముడికి చూపించలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టింది. మర్నాడు మామూలు వేళకే హాలుకి వెళ్లి, కోత బల్ల దగ్గర నిలబడి, పచ్చగుడ్డ పరిచి, దాన్ని కొత్తగా చూసింది.

గుడ్డ కొయ్యడంలో ఒక ఒడుపుంది. పలకల ఆకారాలు గుడ్డ మీద గీసుకునేటప్పుడు ఒకదాని భుజం ఇంకొకదాని మెడవంపులో ఇమిడేలా పేరిస్తే గుడ్డ కలిసొస్తుంది. తెలియనివాళ్లు కోస్తే వందకి పన్నెండు పాళ్లు పీలికలవుతుంది, అంత పోతుందని హాలువాళ్లకీ తెలుసు. పీలికల్ని సాయంత్రం సంచిలో తూచి, మిషనులో తురిమేస్తారు. కొలతక్క కంటికి గుడ్డ మీద ఖాళీ ఎక్కడుందో కనిపిస్తుంది. ఆమె పేర్చే తీరుని ఎలుక దూరే సందు లేకుండా బిగించింది. రోజుకి ఒక పలక పొర అదనంగా రావడం మొదలైంది. దాన్ని నడుముకి చుట్టుకుని, పైన చీర బిగించి కట్టుకుని ఇంటికి తెచ్చేది. పీలికల సంచిలో తూకానికి పైతొడుగుల బట్ట ముక్కలు కలిపేది. గేటు దగ్గర తనిఖీ చేసే అమ్మాయి ఇరవై రెండేళ్ల మనిషిని ఏం తడుముతుంది? "వెళ్లిరా అక్కా" అనేది.

దొంగతనం చేస్తూపోతే అలవాటవుతుందంటారు గానీ ఆమెకి ఒక్కరోజూ అలవాటు కాలేదు. సూపర్‌వైజరు ఒకసారి ఆమె బల్ల దగ్గర ఆగి, "అందరి పీలికల తూకం అటూ ఇటూ అవుతుంది, నీది మాత్రం గీత గీసినట్టు ఉంటుందక్కా" అని మెచ్చుకుని వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా మూత తియ్యలేదు. అయినా సాయంత్రం నడుముకి చుట్టుకోవడం మానలేదు.

రోజుకి ఒక పొర. మొత్తం నలభై ఎనిమిది కావాలి. కోర్టు తేదీకి పనిరోజులు లెక్కేస్తే నలభై వచ్చాయి. వాయిదాల మీద వాయిదాలు వేస్తారని లోకమంతా కోర్టుల్ని ఆడిపోసుకుంటుంది. కొలతక్క ఒకే ఒక్క వాయిదా పడితే చాలని ఎదురుచూసింది. పడలేదు. అందుకని ముందు పలకకి నిండుగా ఇరవై నాలుగు పొరలు వేసింది. మిగిలిన పదహారూ వెనక్కి. ఎదురుగా వచ్చి నిలబడేవాణ్ణే ఆమె ఊహించుకుంది. మనం భయపడే మనిషికి మన ఊహలో ఎప్పుడూ మొహం ఉంటుంది కదా.

ఇంట్లో తొక్కుడు మిషను మీద సెలవురోజుల్లో పట్టపగలే కుట్టింది. పక్కవాటా ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి, ఇంకా బెరుకు పోని గొంతుతో "ఇవీ ఆ జాకెట్లేనా?" అంది. "చలికోటమ్మా, తమ్ముడికి" అంది కొలతక్క. పదకొండు సూదులు విరిగాయి. ఆఖర్న లోపలివైపు ఒక తెల్లబట్ట ముక్క కుట్టి, దాని మీద చెరగని సిరాతో రాసింది: ముందు 24, వెనక 16.

కోర్టుకి ముందురోజు సాయంత్రం తమ్ముడికి తొడిగి చూసింది. భుజాల దగ్గర పట్టీలు లాగి, చంకల కింద వేళ్లు దూర్చి, వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి చూసింది. అద్దినట్టు ఉంది.

"చిన్నప్పుడు బడి చొక్కా తొడిగినట్టే తొడుగుతున్నావు" అన్నాడు.

"అప్పుడైతే పెరుగుతావని రెండంగుళాలు వదులు పెట్టేదాన్ని. ఇప్పుడు అడ్డంగా తప్ప పెరగవుగా."

వాడు నవ్వి, అద్దంలో చూసుకుని, ఉన్నట్టుండి గంభీరమయ్యాడు. "అక్కా, అనుమతి వచ్చినట్టేనా? రాకుండా ఇలాంటివి వేసుకోకూడదంటారు కదా. రాకపోతే నేను వేసుకోను. సాక్ష్యం చెప్పడానికి వెళ్తూ తప్పు పని చెయ్యలేను."

ఆమెకి ఆ జవాబు చెప్పడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. తర్వాత నెలల తరబడి ఆ ఒక్క క్షణం గురించే ఆలోచించింది. "వచ్చిందిరా. కాగితం నా దగ్గరే ఉంది" అంది. లేబుల్ మీద నిజం రాసిన చేతులు ఆమెవి. నోరు మాత్రం అబద్ధం చెప్పింది.

మర్నాడు ఆమె హాల్లో మిషను ముందు ఉంది. ఫోన్లు లోపలికి తేకూడదు, గేటు దగ్గర డబ్బాలో పడేసి రావాలి. పన్నెండు కాకముందే సూపర్‌వైజరు తన గది గుమ్మంలో నిలబడి ఆమెని చూశాడు. పిలవలేదు, చూశాడంతే. ఆయన అలా నిలబడటం ఆమె ఇంతకుముందెప్పుడూ చూడలేదు. లేచి వెళ్లింది.

జరిగిందేమిటో తర్వాత కేసు కాగితాల్లో చదివి తెలుసుకుంది. కోర్టు గేటు దగ్గర వాణ్ణి ఎవరూ పట్టుకోలేదు. వాడే చెప్పాడు. కాపలా కానిస్టేబులు తడమడానికి చేతులు చాపగానే, "లోపల జాకెట్ ఉందండీ, గట్టిగా తగుల్తుంది, కంగారు పడకండి" అన్నాడట. "మా అక్క కుట్టింది. అనుమతి ఉంది, కాగితం ఆవిడ దగ్గర ఉంది." కానిస్టేబులు అనుమతుల ఆఫీసుకి ఫోన్ చేశాడు. అటువైపు దస్త్రం తిరగేసి, అనుమతి ఇవ్వలేదన్నారు. తమ్ముడు వాదించలేదు. పొరపాటయి ఉంటుంది, సాయంత్రం అక్కని తీసుకుని స్టేషనుకి వస్తానన్నాడు. చొక్కా విప్పి, జాకెట్ తీసి, బల్ల మీద పెట్టి, మళ్లీ చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకున్నాడు. సాక్షి కాబట్టి లోపలికి పంపారు.

లోపల అవతలివైపు లాయరు ఒంట్లో బాగాలేదని వాయిదా అడిగాడు. ఇచ్చారు. ఆమె నలభై రోజులు కోరుకున్న వాయిదా ఆ రోజు పడింది.

తమ్ముడు అదే గేటులోంచి బయటికి వచ్చి బస్సుస్టాపు వైపు నడిచాడు. మోటారుసైకిలు వెనకనించి వచ్చింది. రెండు గుళ్లు, రెండూ వీపులో. ఆ చప్పుడు గేటు దగ్గర బల్ల దాకా వినిపించింది. జాకెట్ అప్పటికి ఆ బల్ల మీదే ఉంది, దాని గురించి కానిస్టేబులు ఇంకా కాగితం రాస్తూనే ఉన్నాడు.

వాణ్ణి సాగనంపిన అయిదో రోజు పోలీసులు ఆమె కోసం వచ్చారు. ఆమె ఏదీ దాచలేదు. పొరలు ఎలా తెచ్చిందీ, ఎలా తూకం సరిచేసిందీ పూసగుచ్చినట్టు చెప్పింది. రాసుకుంటున్న రైటరే చెయ్యి నొప్పెట్టి ఆగాడు. ఉద్యోగం ఆ రోజే పోయింది. హాల్లో ఆడవాళ్లెవరూ ఇంటికి రాలేదు, వస్తే తమ మీదికి ఎక్కడొస్తుందోనని. ఎవర్ని తప్పుపట్టగలం! బెయిలు మీద ఇంటికొచ్చాక సూపర్‌వైజరు ఒక్కడే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నాతో ఒక్కమాట చెప్పాల్సిందక్కా."

"చెప్తే ఇచ్చేవారా సార్?"

"ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ నిజం చెప్పినందుకు ఆమె ఆయనకి మంచినీళ్లు ఇచ్చింది.

అసలు కేసు నీరుగారిపోయింది. తాళంచెవి చేయించింది ఎవరో చెప్పే నోరు లేదు. ఇస్త్రీ చొక్కా మనిషి ఇంటికి వెళ్లిపోయాడు. వీపులో కాల్చిందెవరో తెలియలేదని రాశారు. ఆ తతంగమంతా ముగిశాక కోర్టు దగ్గర మిగిలింది కొలతక్క కేసు. అది మాత్రం చకచకా నడిచింది. దీంట్లో తెలియనిదేముంది?

ఆమె తరఫున కోర్టు పెట్టిన కుర్ర లాయరు చురుకైనవాడు. చట్టం పుస్తకం ముందేసుకుని ఒక సందు కనిపెట్టాడు. "జాకెట్ అంటే ఏమిటో చట్టంలో రాశారమ్మా. తుపాకి గుండుని ఆపగలిగే తొడుగు. ఆపగలిగేది అయితేనే నేరం. మీరు కుట్టింది దొంగిలించిన ముక్కల్తో, ఇంట్లో, పాత మిషను మీద. అది ఆపుతుందని ఎవరు చెప్పారు? పరీక్షకి పంపమని అడుగుదాం. చిల్లు పడిందా, అది వట్టి చలికోటు. దొంగతనం ఒక్కటే మిగుల్తుంది, దానికి జరిమానాతో సరి."

"ముందు ఇరవై నాలుగు వేశాను బాబూ. పడదు."

"వెనక?"

"పదహారు."

"పదహారు చాలవు కదా?"

"నమూనా ప్రకారం చాలవు."

"హమ్మయ్య" అన్నాడు లాయరు మనస్ఫూర్తిగా. "వెనకభాగం ఒక్కటి చిల్లు పడితే చాలు, మనం గెలిచినట్టే. అసలా లేబుల్ ఎందుకు కుట్టారు? అది లేకపోతే ఇంకా తేలికయ్యేది."

"లేబుల్ లేకుండా జాకెట్ బయటికి పోకూడదండీ" అంది కొలతక్క.

అతనికి అర్థంకాలేదు. తను గెలవడమంటే ఆమెకి ఏమిటో కూడా అతనికి తట్టలేదు. వెనక పలక చిల్లు పడితే ఆమెకి జైలు తప్పుతుంది; పడితే, గేటు దగ్గర తీసినా తియ్యకపోయినా తమ్ముడు బతికేవాడు కాదని, ఇరవై రెండేళ్ల పనితనం వాడి వీపు కాయలేని పనితనమేనని తేలుతుంది. పడకపోతే, వాడు బతికుండేవాడు. తను చెప్పిన అబద్ధమే వాడి ఒంటి మీద నుంచి దాన్ని ఊడదీసిందని తేలుతుంది. అయిదు నెలలు ఆ నివేదిక కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. ఏది కోరుకోవాలో ఆమెకి ఒక్కరోజూ తెలియలేదు. పొద్దున ఒకటి కోరుకునేది, మధ్యాహ్నానికి అలా కోరుకున్నందుకు తనని తాను తిట్టుకునేది.

నివేదిక చదవడానికి పరీక్షశాల నుంచి వచ్చింది ఒక చిన్నపిల్ల, ముప్పై ఏళ్లు ఉండవు, కళ్లజోడు, చేతిలో అట్ట దస్త్రం. కొలతక్క అలవాటు కొద్దీ ఆ పిల్ల భుజాలు చూసింది, కుడివైపు కాస్త వాలు. ఆ పిల్ల మెల్లిగా, ఒక్కో అంకె విడివిడిగా చదివింది. జాకెట్ వెనక మెత్తటి మట్టి దిమ్మ పెట్టి, ముందు పలక మీద ఆరు గుళ్లు కాల్చారు. ఏదీ దాటలేదు. లాయరు తల ఊపాడు, అది ముందే తెలుసునన్నట్టు.

"వెనక పలక" అని ఆ పిల్ల పేజీ తిప్పింది. "మృతుడి శరీరంలో దొరికిన రకం గుళ్లే, అంతే దూరం నుంచి, మూడు కాల్చాం. రెండు పదకొండో పొర దగ్గర ఆగాయి. ఒకటి పద్నాలుగో పొర దగ్గర ఆగింది. ఏదీ దాటలేదు."

లాయరు కలం మూత పెట్టేశాడు.

కొలతక్క లేచి నిలబడింది. "మట్టిలో గుంట ఎంత లోతు పడిందమ్మా?" అని అడిగింది.

న్యాయమూర్తి తలెత్తారు. ముద్దాయి అలా అడగకూడదు. కానీ అది ఆ పనిలో ఉన్న వాళ్లెవరైనా అడిగే ప్రశ్న. ఆ పిల్ల కూడా ఆ పనిలో ఉన్నదే, అడిగిందెవరో చూడకుండానే జవాబు చెప్పేసింది. "ముప్పై ఒక్క మిల్లీమీటర్లు."

నలభై నాలుగు దాకా ఫరవాలేదు. గుండు ఆగినా దెబ్బ లోపలికి దిగుతుంది, ఆ గుంట నలభై నాలుగు దాటకపోతే మనిషి బతుకుతాడని హాల్లో అందరికీ తెలిసిన లెక్క. ముప్పై ఒకటంటే ఒకటో రెండో పక్కటెముకలు. నెలన్నర మంచం. పక్కకి తిరిగినప్పుడల్లా "అమ్మా" అని అరుస్తూ, ఈ జాకెట్ ఇంత బరువెందుకు కుట్టావని ఆమెనే తిడుతూ ఉండేవాడు. ఆ తిట్లన్నీ ఆమెకి ఆ క్షణంలో చెవిలో పడ్డట్టే వినిపించాయి. మొదట ఆమెకి కలిగింది గర్వం. సిగ్గులేని గర్వం, పదహారు పొరలతో ఎవరూ చెయ్యలేని పని చేసిన చేతుల గర్వం. దాని వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. తమ్ముడు పోయిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు. కోర్టులో ఉన్నవాళ్లంతా శిక్షకి భయపడి ఏడుస్తోందనుకున్నారు.

ఆమె తెరిపినపడేదాకా న్యాయమూర్తి ఆగారు. ఆయన కూడా చెడ్డవారేం కాదు. "మీరేమైనా చెప్పుకుంటారా?" అని అడిగారు.

లాయరు వంగి గుసగుసలాడాడు. "చలికోటనే కుట్టానని చెప్పండి. గుండుని ఆపుతుందని తెలియదని చెప్పండి. ఇప్పటికైనా కొంత తగ్గుతుంది."

కొలతక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"అది కోటు కాదండీ. జాకెట్. ఆపుతుందనే కుట్టాను" అంది. "అనుమతి ఉందని వాడికి అబద్ధం చెప్పింది కూడా నేనేనండీ. అది కూడా రాసుకోండి. వాడికి తెలియదు."

అది నేరం కాదు, రాసుకోవలసిన పనిలేదని న్యాయమూర్తి అన్నారు. పద్నాలుగు నెలలు శిక్ష వేశారు. జాకెట్‌ని చట్టప్రకారం మిషనులో తురిమెయ్యమన్నారు.